ఎడమపక్క మంట

మిరపకోతలప్పుడు నడుముకు ఒడిబట్ట కట్టి, కోసిన కాయంతా అందులోనే వేస్తారు. ఆ ఘాటుకు ఎవరి నడుమైనా మండుతుంది. అందుకే పొక్కులు లేచినా హెలెనమ్మ లెక్కచేయలేదు. ఆముదం రాసుకుని, ఇల్లు చేరగానే మనవడు బెన్నీని ఎత్తుకుంది.

కోడలు లిడియాకు మనసు ఒప్పలేదు. తొలిచూలు బిడ్డ, ఇంకా పాకడం కూడా రాలేదు. వాడు తుమ్మితేనే ఆమె గుండె జారిపోతుంది.

“అత్తా, ఒడి చుట్టూరా కట్టావు గదా. పొక్కులు ఎడంపక్కనే ఎందుకొచ్చినయ్యి?”

“ఘాటు నిన్నడిగి వస్తదా? పోయి అన్నం పెట్టు.”

రెండు రోజులకు చీర తగిలినా సూదులు గుచ్చినట్టుందని ముసలామె మూలగసాగింది. లిడియా ఆస్పత్రికి లాక్కుపోయింది. నర్సు ఖైరున్నీసా చూసి, “ఇది సర్పి, పెద్దమ్మా. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?” అంది.

“పోసింది. అప్పుడే తగ్గింది గదా.”

“పైకి తగ్గింది. నరాల్లో నక్కి కూర్చుంది. ఒంట్లో కాపలా గట్టిగా ఉన్నన్నాళ్ళూ కిక్కురుమనలేదు. వయసు మీదపడితే కాపలా కునుకు తీస్తది. అదను చూసి లేచింది.”

“మా కల్లం కాపలా ఏసోబు కూడా అంతేనమ్మా. ఇప్పుడు కూర్చున్నచోటే గురక.”

నర్సు నవ్వింది. లిడియా నవ్వలేదు. “మా పిల్లోడికి అంటుద్దా మేడం?”

“పొక్కుల నీరు తగిలితే వాడికి ఆటలమ్మ రావచ్చు. పక్కులు రాలేదాకా ఎత్తుకోనివ్వొద్దు. మూడు వారాలు వాడి ఒళ్ళు కనిపెట్టి చూడు.”

డాక్టరు మాత్రలు రాశాడు. లిడియా కోతలు మాని ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దున్నే బెన్నీ చొక్కా విప్పి, చంకలూ తొడలూ వెతికేది. దోమ కుట్టిన మచ్చ కనబడినా వెలుతురులోకి ఎత్తుకుపోయి చూసేది. హెలెనమ్మ పంచ చివర కూర్చుని, వాడు చేతులు చాస్తే మొహం తిప్పుకునేది.

వారాలు గడిచాయి. వాడి ఒంటిమీద ఒక్క పొక్కు లేవలేదు. హెలెనమ్మ పక్కులన్నీ రాలిపోయాయి. నర్సు సరేనంది.

లిడియా పిల్లాణ్ణి తెచ్చి అత్త ఒళ్ళో పెట్టింది.

“ఇంకో రెండ్రోజులు ఆగరాదటే,” అని హెలెనమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. బెన్నీ ఆగలేదు. ఆమె చెవి కమ్మ పట్టుకుని లాగాడు.

“నీ కాపలా కునుకు తీస్తదంట. జాగ్రత్త అత్తా.”

“తీస్తే తీసిందిలే. లేపడానికి వీడున్నాడుగా.”

లిడియా ఒడిబట్ట దులిపి నడుముకు కట్టుకుంది. చేలోకి పోతూ వెనక్కి ఒక్కసారే చూసింది.