మూడో లెమ్మా

కత్తెర కనిపించలేదని అత్తగారు పొద్దున్నే ఇల్లు పీకి పందిరేసింది.

"నేను కవరు కత్తిరించి కిటికీలో పెట్టానంతే," అన్నాడు కొడుకు, కళ్లద్దాల షాపు తాళాలు వెతుక్కుంటూ.

"కిటికీలోంచి నేను బీరువా మీద పెట్టానంతే నానమ్మా," అంది మనవరాలు.

కోడలూ ఒప్పుకుంది. "దుమ్ము తుడుస్తూ పక్కనున్న బుట్టలో వేశానత్తయ్యా."

ఆ బుట్టలోని పాత కాగితాలన్నిటినీ నిన్ననే తూకానికి వేసింది అత్తగారే. ఆ సంగతి మాత్రం నేర్పుగా దాటేసింది. "బాగుంది. తలా ఒక్క జానెడే జరిపారట. అందరూ కలిసి గడప దాటించేశారు."

అందరూ నవ్వారు. కోడలు నవ్వలేదు. టీ కప్పు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

ఆమె కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఆరేళ్లుగా బనాక్ స్పేసుల మీద, అంటే పొడవు కొలవగల వెక్టర్లు ఉండే లోకాల మీద పనిచేస్తోంది. రెండు స్పేసుల్లోంచి చెరో వెక్టరు తీసుకుని మూడో స్పేసులో ఒకటి తిరిగిచ్చే మ్యాపింగులే ఆమె పని. వాటికి వెక్టర్లను అంతులేని వరుసలుగా అందిస్తే, వచ్చినవాటి మొత్తం అదుపులో ఉంటుందా, హద్దు దాటుతుందా? ఉంటుందని ఆమె పేపరు చెబుతుంది. జర్నల్ ఒప్పుకుని, అచ్చుకు ముందు సరిచూసుకోమని చివరి ప్రూఫు కూడా పంపింది. ఈరోజే సరేననాలి. పదిహేనో తారీకున పర్మనెంటు పోస్టుకి ఇంటర్వ్యూ. చేతిలో పేపరు లేకపోతే ఆ గుమ్మం ఎక్కడం దండగ.

ప్రూఫు తీసి మూడో లెమ్మా చూసింది, పేపరంతా ఆనుకుని నిలబడ్డ సాయపు సిద్ధాంతం అది. అక్కడ ఒక వెక్టరును కదలకుండా పట్టుకుని రెండోదాన్ని వరుసలో నడిపించింది. మొత్తం అదుపులోనే ఉంది. తర్వాత దీన్ని పట్టుకుని దాన్ని నడిపించింది, అదీ అంతే. ఆపైన "కాబట్టి" అని రాసి, రెండూ ఒకేసారి నడిచినా ఇంతేనని తేల్చేసింది. ఆ "కాబట్టి" కింద నేల లేదు.

కాగితం తిప్పి అయిదు అడ్డవరుసలు, అయిదు నిలువువరుసలు గీసింది. మూల నుంచి మూలకు ఒకట్లు, మిగతావన్నీ సున్నాలు. ఏ అడ్డవరుస కూడినా ఒకటే. ఏ నిలువువరుస కూడినా ఒకటే. పట్టికంతా కూడితే అయిదు. వంద వరుసలైతే వంద. లెమ్మా పెట్టిన షరతులన్నీ పాటిస్తూనే మొత్తం హద్దు దాటిపోతోంది. చిన్నపిల్లలు గీసే పట్టిక. ఆరేళ్లలో ఒక్కసారీ గీయలేదు.

డిపార్ట్‌మెంటు హెడ్‌కి ఫోను చేసింది. ఇంటర్వ్యూ బోర్డులో ఆయనా ఉంటాడు.

"నిరూపణలో చిన్న కన్నం ఉంటే తర్వాత పూడ్చుకోవచ్చమ్మా."

"కన్నం కాదు సార్. లెమ్మాయే తప్పు. ఎదురు ఉదాహరణ దొరికింది."

"జర్నల్ రిఫరీలు ఇద్దరూ చూసి సరేనన్నారు. సాయంత్రం దాకా ఆలోచించు. కంగారుపడి కాళ్లు నరుక్కోకు."

ఆరోజంతా కాలు కాలిన పిల్లిలా తిరిగింది. క్లాసులో బోర్డు మీద ఒకే మెట్టు రెండుసార్లు రాసి రెండుసార్లూ చెరిపింది. ఇంటికొచ్చి బట్టలు మడతపెడుతూ లేచి కాగితం దగ్గరికి, కాగితం వదిలి స్టవ్వు దగ్గరికి. షరతు బిగిస్తే లెమ్మా నిలబడింది గానీ, అప్పుడు మిగిలింది అందరికీ ఎప్పుడో తెలిసిన సంగతే. అయిదున్నరకి ప్రూఫు పంపే బటన్ మీద వేలు పెట్టి, తీసేసింది. మళ్లీ పెట్టింది. ఎవరికి తెలుస్తుంది? ఆమెకు తెలుసు, అదే ఇబ్బంది. ఆరింటికి జర్నల్‌కి నాలుగు వాక్యాల ఉత్తరం రాసింది.

ఎనిమిదింటికి నలుగురూ భోజనానికి కూర్చున్నారు.

"పంపేశావా?" అన్నాడు భర్త.

"పంపకేం? పక్కింటావిడకి పొద్దున్నే చెప్పేశాను, మా కోడలి ఉద్యోగం ఖాయమని," అంది అత్తగారు.

"ఎందుకు చెప్పారత్తయ్యా?"

"సంతోషం కడుపులో ఆగదే."

కోడలు పళ్లెంలో చెయ్యి ఆపింది. "పేపరు వెనక్కి తీసుకున్నాను. అందులో తప్పుంది."

"ఎవరు పట్టుకున్నారు?" అన్నాడు భర్త.

"నేనే."

"నీ తప్పు నువ్వే పట్టుకుని నువ్వే చెప్పుకున్నావా," అంది అత్తగారు. అది తిట్టో మెచ్చుకోలో ఎవరికీ అర్థం కాలేదు.

"మరి పదిహేనో తారీకు?" అన్నాడు భర్త మెల్లిగా.

"వెళ్లడం లేదు. ఈ ఏడు ఆ పోస్టు నాకొద్దు. పేపరు మొదటి వాక్యం నుంచి మళ్లీ రాస్తాను."