ఇరవై ప్రశ్నల ఆవిడ

మిగిలిన మూడు ఫారాలనూ అట్టకు బిగించి, క్లిప్పు గట్టిగా ఉందో లేదో అట్టను తలకిందులుగా పట్టుకుని ఊపి చూసుకుంది వార్సియెం. ఊడలేదు. ఇరవై ఏడేళ్లుగా ఊపి చూస్తూనే ఉంది, ఒక్కసారీ ఊడలేదు. అయినా రేపు మళ్లీ ఊపుతుంది. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం మనిషి.

ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి. తలకు చుట్టుకున్న బూడిదరంగు గుడ్డకు గడ్డం కింద ఒక పిన్ను, ఎండకు కమిలిన ముక్కు, పెన్సిల్ ఒరిసి ఒరిసి కాయ కాచిన మధ్యవేలు. పాదాలు మాత్రం వెడల్పుగా, ఆ చిన్న ఒంటికి ఎవరో పెద్దమనిషి దగ్గర అరువు తెచ్చి అతికించినట్టు ఉంటాయి. యూనివర్సిటీ మనస్తత్వశాస్త్ర విభాగంలో ప్రశ్నలు అడగడం ఆమె ఉద్యోగం. ప్రశ్నలు తయారుచేసేది ప్రొఫెసర్లు, లెక్కలు కట్టేది కంప్యూటర్లు, ఆ రెంటి మధ్యా జోగ్జా నగరపు ఎండలో తిరిగేది వార్సియెం. భూకంపం వచ్చిన ఏడాది గుడారం గుడారానికీ వెళ్లి "నిద్ర పడుతోందా?" అని అడిగింది. కొత్త కోడళ్లను అత్తగారి గురించి అడిగింది, అదీ అత్తగారు పక్కనే కూర్చుని వక్కాకు నములుతుండగా. ఆ పరిశోధనలో ఏం తేలిందో దేవుడికే ఎరుక. ఈ ఏడాదంతా ముసలివాళ్లను ఒంటరితనం గురించి అడిగింది. ఇవాళ్టితో అదీ అయిపోతుంది.

బయల్దేరబోతుండగా లారస్ వచ్చి తలుపు దగ్గరికి వేసింది. ఈ పరిశోధన లారస్‌ది, ఆమె డాక్టరేటుకు కావలసినది. ముప్పై నిండని పిల్ల. అయినా చదువుకున్న పిల్ల గనక వార్సియెం ఆమెను అక్కా అనే పిలుస్తుంది. వార్సియెం పెద్దది గనక లారస్ ఆమెను బు అంటుంది, అమ్మా అన్నట్టు. ఇక్కడ అదీ మర్యాద.

"కూర్చోండి బు."

"కూర్చుంటే ఎండ ముదురుతుందక్కా. ఇంకా మూడిళ్లున్నాయి."

"ఇది వినే వెళ్లండి. ఇన్నాళ్లూ మీకు చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు."

సంగతి ఇది. ఒంటరిగా ఉండే డెబ్భై ఆరుగురు వృద్ధులు. వాడలవారీగా చీట్లు తీసి వాళ్లను రెండు సగాలు చేశారు. ఒక సగానికి వారం వారం ఒక విద్యార్థి వెళ్లి గంటసేపు కబుర్లు చెప్పి వచ్చాడు. రెండో సగానికి ఎవరూ వెళ్లలేదు. నెలకోసారి రెండు సగాలకూ అవే ఇరవై ప్రశ్నలు. మనిషి వెళ్లి పలకరిస్తే ఒంటరితనం తగ్గుతుందా అన్నది తేల్చాలి. ఎవరు ఏ సగమో అడిగేవాళ్లకు తెలిస్తే తెలియకుండానే ఒక పక్కకు మొగ్గుతారని ఆ మాట దాచిపెట్టారు.

"మీ ఏటి ఒడ్డు వాడల ముప్పై ఎనిమిది మందీ ఎవరూ వెళ్లని సగం బు," అంది లారస్. "ఇప్పటిదాకా వచ్చిన ఫారాలు లెక్కేస్తే, వెళ్లిన సగంలో ఒంటరితనం సగటు యాభై రెండు నుంచి నలభై ఒకటికి దిగింది. మీ సగంలో యాభై రెండు నుంచి నలభై రెండుకి. ఆ ఒక్క అంకె తేడా ఏ కారణమూ లేకుండా, కాకతాళీయంగానూ వస్తుంది. తేడా లేనట్టే."

"తగ్గితే మంచిదేగా."

"ఎందుకు తగ్గింది? ఎవరూ వెళ్లందే!" ఆ పిల్ల ఏడాది కష్టం అందులో ఉంది. "ఫారాలు ఇంట్లో కూర్చుని నింపుకుంటే ఇలాగే వస్తుందంటున్నారు ప్రొఫెసర్ గారు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే మనిషి కాదు వార్సియెం. బీరువాలోంచి పాత కట్ట ఒకటి లాగి బల్ల మీద పడేసింది.

"దొంగ ఫారం నున్నగా ఉంటుందక్కా. నిజం మనిషి నాలుగో ప్రశ్నకి అవునంటాడు, పదిహేడులో అదే తిప్పి అడిగితే కాదంటాడు. మొన్న కోడలు తిట్టిందని ఒకటి ఎక్కువ చెప్తాడు. వీటిలో తప్పులు చూడండి, ఎన్ని కావాలో అన్నున్నాయి. ఇన్ని తప్పులు ఇంట్లో కూర్చుని పుట్టించగలిగితే నేనే ప్రొఫెసర్ని అయ్యుండేదాన్ని."

"నేను నమ్ముతాను బు. వాళ్లు నమ్మరు. రేపు పదింటికి మీటింగు. కారణం చూపించకపోతే మీ ఫారాలన్నీ తీసేస్తారు. దొంగ ఫారాలని ఫైల్లో రాస్తే ఇక ఏ విభాగమూ మిమ్మల్ని పిలవదు."

వార్సియెం కట్టను మళ్లీ బీరువాలో పెట్టి తలుపు వేసింది. "మూడు మిగిలాయి. అవి తెచ్చాక మాట్లాడతాను," అంది.

ఏటి ఒడ్డు వాడలకు మెట్లు దిగి వెళ్లాలి. ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకున్నట్టుంటాయి. దిగుతున్నంతసేపూ దొంగ ఫారాలన్న మాటే తలుచుకుంటోంది ఆమె. మొగుడు సముద్రం అవతల కలిమంతాన్ తోటల్లో పనికని పోయి తిరిగి రాకపోతే, ఊరు నాలుగు మాటలూ అంది. కానీ అబద్ధం ఆడుతుందని మాత్రం ఎవరూ అనలేదు. ఆమెకు ఉన్న ఆస్తి అదొక్కటే.

మొదటి ఇల్లు రుబియా అవ్వది. అవ్వ అప్పటికే టీ నీళ్లు పొయ్యి మీద పెట్టింది.

"పక్కన ఎవరూ లేరని మీకు ఎంత తరచుగా అనిపిస్తుంది?" కాగితం మీద ఎలా ఉందో అలాగే చదివింది వార్సియెం.

"ఎవరూ లేకపోవడమా? అల్లుడు పూటపూటా ఇక్కడికే వచ్చి పడి తింటుంటే!"

"ఎన్నడూ లేదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా. నాలుగిట్లో ఒకటి చెప్పాలవ్వా."

"ఏదో ఒకటి నువ్వే రాసుకో తల్లీ. నా సంగతి నీకు తెలీందేముంది?"

"తెలిసినా రాయను. మీరు చెప్పాలి."

"అబ్బ, మొండిఘటానివి! అరుదుగా. రాసుకో."

ప్రశ్నలు పావుగంటలో అయిపోతాయి. అసలు పని ఆ తరువాతే మొదలవుతుంది. మల్లెపూల వాసన వేసే తియ్యటి టీ, పొగలు కక్కుతూ వస్తుంది. ఇంటివాళ్లు "తీసుకోండి" అనేదాకా ముట్టుకోకూడదు. వాళ్లు ఆ మాట అంత త్వరగా అనరు, అంటే అతిథిని తరిమినట్టుంటుంది. అన్నాక గ్లాసులో మిగల్చకూడదు. ఈలోగా అల్లుడి సంగతీ, మోకాలి నొప్పి సంగతీ, పోయిన పెనిమిటి సంగతీ అవుతాయి. "ఇచ్చిన పానీయాన్ని మర్యాదగా నిరాకరించవలెను" అని శిక్షణ పుస్తకంలో ఉంది. అది రాసినవాడికి తల్లి ఉండి ఉండదని మొదటి రోజే అనుకుంది వార్సియెం. ఆ పేజీ కింద సంతకమైతే పెట్టింది.

రెండో ఇంట్లోనూ అంతే అయింది. మూడో ఇల్లు పవీరో తాతది. రైల్వే గేటు కాపలా చేసి రిటైరైన మనిషి. సందు మొదట్లోనే చావు జెండా కట్టి ఉంది. ఎవరింటిదోలే అనుకుంటూ నడిచింది. తాత ఇంటి ముందు అద్దె కుర్చీలు దొంతరగా పేర్చి ఉన్నాయి.

పక్కింటి గినెం ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. "సోమవారం తెల్లారగట్ల బు. నమాజుకి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లి, అక్కడే కూలబడిపోయాడు. నీకు కబురు పెడదామంటే నీ ఇల్లెక్కడో ఎవరికీ తెలీదు."

వార్సియెం అరుగు మీద కూర్చుంది. ఏడవలేదు. ఫారం తీసి, పేరు రాసి, తేదీ వేసి, ఇరవై గళ్ల మీదుగా ఒక గీత కొట్టి, కింద "మరణం" అని రాసింది. అక్షరాలు ఎప్పటిలాగే నిలువుగా వచ్చాయి.

గినెం లోపలికి వెళ్లి మడత పెట్టిన కాగితం ఒకటి తెచ్చింది. క్యాలెండరు నుంచి చింపిన పాత నెల.

"ఆదివారం రాశాడు. గురువారం పరీక్షలకి ఆసుపత్రికి వెళ్లాలట, నువ్వొచ్చేసరికి తను లేకపోతే నీకిమ్మన్నాడు. ఆ ఇరవై ప్రశ్నలూ ఆయనకి కంఠతా వచ్చేశాయి బు! జవాబులన్నీ ఉన్నాయి. ఎక్కించుకో, నీ కాగితం ఖాళీగా ఎందుకు పోవాలి?"

"నేను అడగలేదు గినెం. అడగకుండా వచ్చినదాన్ని జవాబుగా వేయకూడదు."

అయినా చదివింది. ఇంజిను నంబర్లు రాసినట్టు గుండ్రటి అంకెలు, ప్రతిదాని పక్కనా ఒకటి రెండు ముక్కలు. పద్నాలుగో ప్రశ్న, మీ కోసం వచ్చేవారు ఉన్నారని ఎంత తరచుగా అనిపిస్తుంది? తాత రాశాడు: "తరచుగా. నెల మొదటి గురువారం ఇరవై ప్రశ్నల ఆవిడ వస్తుంది. ముందు వారమంతా ఏం చెప్పాలో ఆలోచిస్తాను. తరువాతి వారమంతా ఏం చెప్పానో తలుచుకుంటాను. మధ్య రెండు వారాలు ఎలాగో గడుస్తాయి."

మళ్లీ చదివింది. అప్పుడు తెలిసింది. ఎవరూ వెళ్లని సగం కాదది. తను వెళ్లింది. ముప్పై ఎనిమిది ఇళ్లు, పన్నెండుసార్లు, టీ చల్లారేదాకా. కొలవడానికి పంపిన మనిషే మందు పోసి వచ్చింది. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే.

ఈ కాగితం చూపిస్తే ఆమె దొంగ కాదని తేలుతుంది. అదే కాగితం లారస్ పరిశోధనను కూలుస్తుంది, నిబంధన మీరినందుకు ఈమె ఉద్యోగాన్నీ తీసేస్తుంది. మడిచి సంచిలో వేసుకుంటే అడిగేవాళ్లు లేరు. మెట్లెక్కుతూ సగంలో ఒకసారి ఆగింది. మోకాళ్లు నొప్పెట్టి ఆగింది, అంతే. కాగితం సంచిలో పెట్టలేదు, అట్టకు బిగించింది.

"దొంగతనం చేయలేదక్కా. తప్పు మాత్రం నాదే," అంటూ లారస్ ముందు పెట్టింది.

పద్నాలుగో జవాబు చదివి లారస్ రెండు చేతులతో తల పట్టుకుంది. "బు... టీ తాగొద్దని రాసి ఉంది కదా. మీరు సంతకం పెట్టారు."

"పెట్టాను. తాగాను."

"ఇది చూపిస్తే నా ఏడాది పోతుంది."

"చూపించకపోతే నేను దొంగనవుతాను, వాళ్లు బాగుపడటం అబద్ధమవుతుంది. రెండూ నిజం కాదు." వార్సియెం కుర్చీ లాక్కుంది. ఆ గదిలో ఆమె కూర్చోవడం లారస్ చూడటం అదే మొదటిసారి. "ఒక తెల్లకాగితం ఇవ్వండి. ఏ ఇంట్లో ఎంతసేపు కూర్చునేదాన్నో రాసిస్తాను. కొన్నిళ్లలో పావుగంటే, టీ ఇవ్వరు పిసినారులు. కొన్నిళ్లలో గంటన్నర. ఎక్కువ కూర్చున్నచోట ఎక్కువ తగ్గిందేమో కలిపి చూడండి. తగ్గితే మీ ఏడాది పోదు, వేరే దారిన పోతుంది. తగ్గకపోతే అదీ నిజమే, రాసేసుకోండి."

లారస్ తలెత్తి చూసింది. డాక్టరేటు తనదే, ఆలోచన మాత్రం ఈవిడది. సిగ్గేసింది, ధైర్యమూ వచ్చింది.

రెండు గంటలపాటు రాసింది వార్సియెం. ముప్పై ఎనిమిది పేర్లూ, ఎదురుగా నిమిషాలూ. అనుమానం ఉన్నచోట "సుమారు" అని రాసింది. తరువాత క్యాలెండరు కాగితాన్ని తన వైపు తిప్పుకుని, చివరంటా చదివి, పెన్సిల్‌తో ఏదో చేసి, రబ్బరుతో చెరిపి, మళ్లీ ఏదో చేసింది. మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

"రేపు మీటింగుకి రాను. నా మాటలన్నీ అందులోనే ఉన్నాయి."

"మరి ఎక్కడికి బు?"

"పవీరో తాతింటికి. పొద్దుగూకాక ప్రార్థనకి జనం వస్తారు. గినెం ఒక్కత్తే, గ్లాసులెవరు కడుగుతారు?"

మెట్ల మీద ఆ వెడల్పు పాదాల చప్పుడు దిగిపోయింది. ఆమె మళ్లీ ఆ విభాగానికి రాలేదు.

లారస్ క్యాలెండరు కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. ఇరవై జవాబుల కింద తాత అడ్డంగా ఒక గీత కొట్టి, ఇరవై ఒకటి అని వేసి, స్కేలు పెట్టి శ్రద్ధగా నాలుగు గళ్లు గీశాడు. ప్రశ్న ఇది: "అడిగే ఆవిడకు. మీరెలా ఉన్నారని మిమ్మల్ని ఎవరైనా ఎంత తరచుగా అడుగుతారు?" 'ఎన్నడూ లేదు' గడిలో పెట్టిన పెన్సిల్ టిక్కును చెరిపేసిన మచ్చ ఉంది. దాని పక్క గడిలో, 'అరుదుగా' కింద, కొత్త టిక్కు ఉంది.