విదోసవ కలిపిన రబ్బరు

టైర్ల ఫ్యాక్టరీలో రబ్బరు దిమ్మల్ని మిక్సరు నోట్లోకి తోసి, వెనకాలే నల్లమసి బస్తా వంచింది విదోసవ. లోపల రోలర్లు గుర్రుమన్నాయి. ఆమె కనురెప్పల అంచుల్లో, చేతి గీతల్లో మసి ఇంకిపోయింది. ఎన్ని సబ్బులు అరగదీసినా వదల్లేదు. "పెళ్లాన్ని తెచ్చుకున్నాననుకుంటే బొగ్గుల కుంపటి వచ్చింది" అనేవాడు భర్త స్రెతెన్ పెళ్లి కొత్తలో. ఆ మసే ఇల్లు కట్టి, పిల్లల్ని చదివించాక నోరు మూశాడు. మసి మీద ఆమెకు విసుగు లేదు, కృతజ్ఞతే.

ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు. ఇన్నేళ్లలో ఒక్క ముద్దనూ మాడ్చలేదన్న పేరుంది ఆమెకి. ఆ పేరుతోనే గేటు దాటాలని కోరిక.

ఇది చలికాలపు బస్సు టైర్లకు రోడ్డును తాకే పైపట్టీ రబ్బరు. మసినే నమ్ముకుంటే టైరు తొందరగా అరగదు గానీ తడిలో అంత పట్టుండదు. ఆ పట్టు సిలికా అనే తెల్లపొడి ఇస్తుంది. నూనె వేస్తే చలికి బిగుసుకుపోదు. అన్నిటినీ ముడివేసేది గంధకం. దాన్ని మాత్రం ముద్ద చల్లారాక, రెండో విడతలోనే వెయ్యాలి. వేడి మీద వేస్తే మిక్సరులోనే గట్టిపడి కూర్చుంటుంది. ముద్ద మాడడమంటే అదే. ఉలి పెట్టి చెక్కుకోవాల్సిందే.

కిటికీ అవతల వాన అందుకుంది. ఈ వేళకి స్రెతెన్ కొండదారిలో బస్సు దింపుతుంటాడు. ఆ మలుపు దాటాడో లేదో అనుకుంటూ, చూపు వాన మీదే ఉంచి, పక్కనున్న సంచి అందుకుంది.

ఎవరో మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. తిహోమిర్, పక్క మిక్సరు వాడు.

"అక్కా! వేడిలో గంధకమా? పోతూ పోతూ మాకు రాతిపని అప్పగించి పోతావా?"

ఆమె చేతిలోకి చూసుకుంది. అది సిలికా కాదు, రెండో విడత గంధకం సంచి. "మీ బావ... వానలో..." అంది.

"బావ బస్సుకి నువ్వు కలిపిన టైర్లే ఉన్నాయిలే. ముందు ఇది చూసుకో."

సంచి తీసి దూరంగా పెట్టాడు. ఎవరితోనూ అనలేదు.

పని మానేవాళ్లు అందరికీ తినిపించి వెళ్లడం అక్కడి ఆచారం. షిఫ్టు ముగిశాక విదోసవ ఇంట్లో కాల్చిన రొట్టె, ఎండు సాసేజీ, ప్లమ్ పళ్ల సారా తెచ్చి పెట్టింది. ఫోర్‌మన్ బ్లాగోయె గ్లాసెత్తాడు.

"ఒక్క ముద్ద కూడా మాడ్చని మా విదోసవకి!"

తిహోమిర్ తలవంచుకుని రొట్టె నములుతున్నాడు. ఆమె కూడా ఊరుకుంటే సరిపోయేది.

"ఆగండి," అంది. "పొద్దున మాడ్చేసేదాన్నే. గంధకం మిక్సరు నోటిదాకా పోయింది. వీడు చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ పేరు నా ఒక్కదానిదే కాదురా. మీలో ఎంతమంది నా చెయ్యి పట్టుకుంటే ఇంతదూరం వచ్చాను..."

తిహోమిర్ చేతిలో రొట్టె తిరగేసి చూశాడు.

"అది మాడలేదు గానీ అక్కా, ఈ రొట్టె అడుగు మాత్రం మాడ్చావు," అన్నాడు తిహోమిర్. అందరూ గొల్లుమన్నారు. ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

బయట బస్సు హారన్ మోగింది. స్రెతెన్ క్షేమంగా కొండ దిగాడు. విదోసవ అక్కడి వీడ్కోలు పద్ధతిలో ఒక్కొక్కరి చెంపలనీ ముమ్మారు ముద్దాడి, వానలోకి నడిచింది.

పొట్టి మనిషి కావడంతో ఇన్నేళ్లూ ఆమె ఎక్కి నిలబడిన చెక్కపీట మిక్సరు ముందే ఉండిపోయింది. దాని మీద మసి దట్టంగా పేరుకుంది, రెండు పాదాలంత మేర తప్ప.