గోడ వైపు పక్క

పొద్దున లేవగానే దెల్ఫీనా చేసే మొదటి పని పరుపు ఎత్తడం. మొహం కడుక్కోవడం, కాఫీ పెట్టడం, అన్నీ ఆ తర్వాతే. క్యాంపర్ బండి వెనక భాగంలో మంచం. దానికి ఒక పక్క నడవ, ఇంకో పక్క గోడ. గోడ వైపు నుంచి పరుపు అంచు పట్టుకుని భుజంతో పైకి తోసి, తల ఆనించి ఆపి, ఖాళీగా ఉన్న చేత్తో కింది చెక్కని తుడుస్తుంది. వెనిగర్‌లో తడిపిన గుడ్డ నల్లబడి వస్తుంది. తర్వాత మూలనున్న పింగాణీ గిన్నె బయటికి తీస్తుంది. రాత్రి పోసిన రాళ్ళ ఉప్పు పొద్దుటికి సగం నీళ్ళయి ఉంటుంది. అది పారబోసి, కొత్త ఉప్పు పోసి, పరుపు దించి, దుప్పటి ముడత లేకుండా సర్ది, ఏమీ ఎరగనట్టు స్టవ్ వెలిగిస్తుంది.

ఆ ఆదివారం కూడా అదే చేసింది. బయట తడి గడ్డి మీద నిలబడి ఆమె భర్త ఎర్మెస్ పక్క బండివాళ్ళకి చెబుతున్నాడు. "పదకొండేళ్ళయింది మా అల్చోనె కొని. లోపలికి ఒక్క చుక్క! ఒక్క చుక్క వచ్చిందేమో మా ఆవిణ్ణి అడగండి."

ఎవరూ అడగలేదు. అడగరని ఆమెకి తెలుసు. ఆ మాట ఎన్ని ఊళ్ళలో, ఎన్ని కాఫీల మీద విన్నదో లెక్కలేదు. ఒక్కసారైనా ఎవరైనా గుమ్మంలోకి తల పెట్టి, "ఏమమ్మా, నిజమేనా?" అంటే ఏం చెప్పాలా అని మొదట్లో భయపడేది. తర్వాత్తర్వాత ఆ భయం కూడా పోయింది. ఆడదాన్ని అడగమనడం సాక్ష్యం కోసం కాదు, మాటకి ఊపు కోసం.

అల్చోనె బండ్లకి రెండు వైపులా లకుముకి పిట్ట బొమ్మ ఉంటుంది. ఆ బండి ఉన్నవాళ్ళంతా ఒక క్లబ్బు. ఏటా అక్టోబరులో, మలుగు చేపల రోజుల్లో, ఇటలీలోని కొమాక్యో ఊళ్ళో కాలవల ఒడ్డున కలుస్తారు. ఎర్మెస్ ఆ క్లబ్బుకి అధ్యక్షుడు. ఫాయెన్జాలో సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. బస్సు దిగాక తనని ఎవరూ పలకరించడం లేదని కుమిలిపోతున్న రోజుల్లో ఈ బండి వచ్చింది, దాంతోపాటు ఇంతమంది వచ్చారు. అప్పట్నుంచీ పిట్ట టోపీ, పిట్ట గొడుగు, పిట్ట తాళంచెవి. వేలికి బిగుతైందని పెళ్ళి ఉంగరం తీసి సొరుగులో పడేశాడు గాని, ఆ టోపీ మాత్రం తల మీంచి దిగదు.

ఉప్పు గిన్నె అత్తగారిది. అంచు చుట్టూ నీలం పువ్వులు, లోపల కోడిపుంజు. పుంజు తోక దగ్గర అంచు పెచ్చూడింది. "గోడకి చెమ్మ పట్టిందంటే ఆ ఇంటి ఆడదానికి ఒళ్ళు వంగదని అర్థం, అమ్మాయ్," అనేదావిడ, దెల్ఫీనా కాపురానికి వచ్చిన కొత్తలో, వంటింటి గోడని వేలితో రాసి చూసుకుంటూ. ఆవిడ పోయాక ఆ ఇంట్లోంచి ఎర్మెస్ తెచ్చుకున్నది ఆ గిన్నె ఒక్కటే. చిన్నప్పుడు అందులోనే పాలూ రొట్టే తినేవాడట. బండిలో మొదటిసారి బూజు కనబడి ఆమె పిలిస్తే వచ్చాడు, పరుపు కింద చూశాడు, ఎత్తిన చేత్తోనే దించేశాడు. మర్నాడు ఆ గిన్నె తెచ్చి చేతిలో పెట్టాడు. "అమ్మ ఇలాగే చేసేది. ఉప్పు పెట్టు, పీల్చేస్తుంది." అంతటితో ఆ విషయంలో అతని పని అయిపోయింది.

"కంపెనీకి చెబుదాం, ఎర్మెస్," అంది అప్పట్లో.

"చెబితే ఊరంతా తెలుస్తుంది. నేను అందరికీ ఏం చెబుతున్నాను? నా పరువేం కావాలి?"

"చెక్క కుళ్ళుతోంది."

"నాకేం కనబడ్డం లేదు."

నిజమే, అతనికి కనబడదు. రాత్రిళ్ళు లేవాల్సి వస్తుందని నడవ వైపు పడుకుంటాడు. గోడ వైపు ఆమెది. ఆ గోడ ఊపిరి ఆమె ముక్కులోకి పోతుంది. ఏడేళ్ళుగా చలికాలం దగ్గు ఎండాకాలం దాకా లాగుతోంది. "వయసు దెల్ఫీ, వయసు," అంటాడు అతను. వయసు తన ఎడమ భుజానికీ, గోడ పక్కనుండే ముక్కుకీ మాత్రమే ఎందుకొచ్చిందో ఆమె అడగలేదు.

అన్నిటికంటే ఆమెని నలిపేది వేరే ఉంది. క్లబ్బుకి ఫేస్‌బుక్‌లో గ్రూపు ఉంది. పేరు ఎర్మెస్‌ది, ఫొటో ఎర్మెస్‌ది, మాటలూ ఎర్మెస్‌వే. టైపు చేసే వేళ్ళు మాత్రం దెల్ఫీనావి. అతనికి అక్షరాలు వెతుక్కోవడం చిరాకు. "రాయి దెల్ఫీ," అంటాడు, స్టీరింగ్ వెనక నుంచో, స్నానాల గదిలోంచో. ఆమె రాస్తుంది. పెళ్ళికి ముందూ తర్వాతా నోటరీ ఆఫీసులో టైపిస్టుగా చేసింది. ఎవరో చెప్పిందాన్ని తప్పుల్లేకుండా కాగితం మీద పెట్టడమే ఉద్యోగం. "నీ పనిలో గొప్పేముందంటే దెల్ఫీనా, నువ్వు ఉన్నట్టే తెలీదు," అని నోటరీగారు మెచ్చుకున్నాడొకసారి. ఇంటికొచ్చి ఆ మాట సంతోషంగా చెప్పింది కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఇలా ఉండగా, నెల కిందట రొవీగో నుంచి నోయెమీ అనే అమ్మాయి గ్రూపులో మూడు ఫొటోలు పెట్టింది. కొత్త అల్చోనె, నిరుడు కొన్నది. పరుపు కింద నల్లటి మరక. "ఇలా ఇంకెవరికైనా జరిగిందా? కంపెనీవాళ్ళు మా తప్పే అంటున్నారు. మా పాప ఆ గోడ పక్కనే పడుకుంటుంది," అని రాసింది.

అంతే, మగవాళ్ళందరూ మీద పడ్డారు. కిటికీలు తీసే అలవాటుందా అన్నాడొకడు. లోపల ఊరగాయలు పెడుతున్నావా అన్నాడింకొకడు. బండి కొనడానికి డబ్బుంటే చాలదు, కాస్త బుర్ర ఉండాలన్నాడు వేరొకడు. కన్నకూతుర్ని ఎవరో అన్నంత పౌరుషం. ఎర్మెస్ ఆ సాయంత్రం సోఫాలో జారగిలబడి, "రాయి," అన్నాడు.

ఆమె రాసింది. 'నాకు పదకొండేళ్ళ బండి ఉంది. ఒక్క చుక్క రాలేదు. మా ఆవిడ రోజూ తుడుస్తుంది. మీరూ ఒకసారి గుడ్డ పట్టుకుని చూడండి.' అక్షరం తప్పు పోలేదు. ఎనభై మంది మెచ్చుకున్నారు. మా ఆవిడ రోజూ తుడుస్తుంది అన్న ముక్క ఒక్కటే అందులో నిజం. అదే ఆ పిల్ల మొహాన రాయిలా తగిలి ఉంటుంది.

రెండ్రోజులకి ఎర్మెస్‌కి విడిగా సందేశం వచ్చింది. అతని పేరుతో వచ్చేవన్నీ చదివేది ఆమే కదా. 'ఎర్మెస్‌గారూ, కొనే ముందు ఈ గ్రూపులో మీరు రాసినవన్నీ చదివాను. మీ మాట నమ్మే కొన్నాం. మీరు పెద్దవారు. నిజంగా మీ బండిలో ఎప్పుడూ రాలేదా? ఒక్కసారి చెప్పండి చాలు.'

"జవాబివ్వకు," అన్నాడు ఎర్మెస్.

ఆమె ఇవ్వలేదు. ఆ పిల్ల చదివినవన్నీ ఎవరి వేళ్ళు రాసినవో ఆమెకి తెలుసు. ఆ రాత్రి నుంచి గోడ వైపు తిరిగి పడుకుంటే ఇంకెక్కడో ఒక చిన్నపిల్ల దగ్గు వినబడుతున్నట్టుండేది.

కొమాక్యోలో ఆదివారం పొద్దున తలుపులు తీసే ఆనవాయితీ. అందరూ బండ్ల తలుపులు బార్లా తెరుస్తారు, ఒకరి బండి ఒకరు చూసుకుంటారు. మగవాళ్ళు చక్రాల దగ్గర వంగుతారు, ఆడవాళ్ళు లోపలికెక్కుతారు. "మంచం మీద ఆ మంచి దుప్పటి వెయ్యి. లావెండర్ సంచులు పెట్టు," అని ఎర్మెస్ ముందే చెప్పాడు. పెట్టింది.

కోశాధికారి ఆస్తోల్ఫో భార్య జెర్మానా ఎక్కింది. పదేళ్ళుగా పండక్కీ పబ్బానికీ ఫోన్లు చేసుకునే స్నేహం. అబ్బ, అద్దంలా ఉంచావే అంటూ మంచం దాకా వచ్చి ఆగింది. ముక్కు ఎగబీల్చింది. లావెండర్ కింద ఏముందో ఆ ముక్కు పట్టేసింది. తలుపు వైపు ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించింది.

"వెనిగరేనా?"

దెల్ఫీనా కూడా తలుపు వైపు చూసింది. "నీదీనా?"

"మూడేళ్ళైంది. పొద్దున్నే, ఆయన లేవకముందే తుడుస్తాను. పెయింటు కూడా వేశాను. మళ్ళీ వస్తుంది ముండాది."

"మరి ఆ నోయెమీని మీ ఆయన అన్ని మాటలన్నాడు?"

"మీ ఆయన అనలేదేంటి? ఒసే, ఎక్కడా నోరు జారకు. ఆస్తోల్ఫో నా ప్రాణం తీస్తాడు." దుప్పటి అంచు ముట్టుకుని, పైకి వినబడేలా, "ఎక్కడ కొన్నావే, ఎంత బావుందో!" అంటూ దిగిపోయింది.

దెల్ఫీనా మంచం మీద కూర్చుండిపోయింది. కిటికీలోంచి బారులు తీరిన బండ్లు కనబడుతున్నాయి. ప్రతి బండి మీదా పిట్ట. ప్రతి బండి లోపలా, మొగుడు లేవకముందే, గుడ్డ పట్టుకుని ఒకత్తి. ఇన్నేళ్ళూ తనొక్కత్తే అనుకుంది. తన చేతకానితనమే అనుకుంది. అత్తగారి వేలు ఇంకా తన గోడ మీదే ఉందనుకుంది. ఏడుపొచ్చింది, దగ్గు అడ్డొచ్చింది.

మధ్యాహ్నం గుడారం కింద భోజనాలు. మలుగు చేప పులుసు, మొక్కజొన్న సంకటి. కంపెనీ మనిషి వచ్చి ఎర్మెస్‌కి శాలువా కప్పినట్టుగా పిట్ట బొమ్మ కోటు తొడిగాడు. చప్పట్లు. ఎర్మెస్ కళ్ళు తుడుచుకుని లేచాడు.

"మన పిట్టని తిట్టేవాళ్ళకి మన గూట్లో చోటు లేదు. ఆ రొవీగో పిల్లని గ్రూపులోంచి తీసేద్దామంటాను. ఏమంటారు?"

మగవాళ్ళు బల్లలు చరిచారు. జెర్మానా ప్లేటులోకి చూస్తూ చప్పట్లు కొట్టింది. ఎర్మెస్ భార్య వైపు తిరిగి, ఉప్పు అందించమన్నంత మామూలుగా, "తీసెయ్ దెల్ఫీ," అన్నాడు.

ఫోను ఆమె చేతిలోనే ఉంది. ఒక్క నొక్కు చాలు. నోయెమీ మొహం అక్కడ చిన్న గుండ్రంలో నవ్వుతోంది, భుజం మీద పాప. దెల్ఫీనా లేచి, "తలనొప్పిగా ఉంది," అని బండిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మంచి దుప్పటి లాగేసింది. భుజంతో పరుపు ఎత్తింది, తల ఆనించి ఆపింది. ఈసారి చేతిలో గుడ్డ లేదు. ఫోను ఉంది.

సాయంత్రానికి వాన పట్టింది. అక్కణ్ణుంచి దక్షిణాదికి, సముద్రం పక్కన నెల రోజులు ఉండే ప్రయాణం. ఎర్మెస్ కొత్త కోటు విప్పకుండానే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. రావెన్నా దాటాక హుషారుగా, "చదువు. ఏమంటున్నారు మనవాళ్ళు?" అన్నాడు.

"కొత్త పోస్టొకటి వచ్చింది. దాని కిందే అందరూ రాస్తున్నారు."

"చదువు మరి."

ఆమె ఆఫీసులో చదివినట్టు, ఎత్తుపల్లాలు లేకుండా చదివింది. "'మా అల్చోనెలోకి ఏడేళ్ళుగా నీళ్ళు వస్తున్నాయి. మంచం కింద చెక్క కుళ్ళింది. గోడ వైపు పడుకునేది నేను. రోజూ తుడిచేది నేను. నోయెమీ, తప్పు నీది కాదమ్మా. పాపని ఆ గోడ పక్కన పడుకోబెట్టకు.'"

"మళ్ళీ ఒకతి తయారైంది!" ఎర్మెస్ స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టాడు. "రాయి. ఏమ్మా, బండి మీద పడి ఏడ్చే ముందు ఇంట్లో చీపురెక్కడుందో వెతుక్కో అని రాయి. రాశావా?"

"లేదు."

"ఫొటో పెట్టిందా?"

"పెట్టింది."

"ఏముంది అందులో?"

"నల్లబడ్డ చెక్క. మూలన ఉప్పు గిన్నె."

"గిన్నెట!" నవ్వాడు.

"ఫాయెన్జా గిన్నె. అంచున నీలం పువ్వులు. లోపల కోడిపుంజు. తోక దగ్గర పెచ్చూడింది."

ముందద్దం మీది నీళ్ళని వైపర్లు అటూ ఇటూ తోస్తున్నాయి. బండి కొంతదూరం అలాగే పోయింది. తర్వాత పక్కకి తీసి ఆపాడు. ఆ మొహం చూస్తే ఆమెకి జాలేసింది. ఆ జాలి మీద కోపం కూడా వచ్చింది.

"తీసెయ్," అన్నాడు చివరికి. "ఎవరూ చూడకముందే."

"చూశారు. నా పేరుతోనే పెట్టాను. నాకు శుభ్రం తెలీదంటున్నారు. ఆస్తోల్ఫో అయితే నన్ను డాక్టరుకి చూపించమంటున్నాడు."

"జెర్మానా?"

"ఏమీ రాయలేదు. నన్ను స్నేహితుల్లోంచి తీసేసింది."

"చూశావా మరి!" అతని గొంతులో కాస్త ప్రాణం వచ్చింది. "సరే, ఇంకా మించిపోలేదు. నా పేరుతో రాయి. మా ఆవిడకి కొన్నాళ్ళుగా మనసు బాగోలేదు, ఏం రాస్తోందో తనకే తెలీదు, అందరూ క్షమించాలి... రాయి దెల్ఫీ."

ఆమె వేళ్ళు అలవాటు కొద్దీ కదిలాయి. కదిలిన వేళ్ళని చూసుకుంది. ఆ మాటలు కూడా తను తప్పుల్లేకుండా రాయగలదు. ఎక్కడ చుక్క పెట్టాలో కూడా తెలుసు. డాష్‌బోర్డు సొరుగు లాగి అతని కళ్ళజోడు తీసింది. ఫోనూ కళ్ళజోడూ కలిపి అతని ఒళ్ళో పెట్టింది.

"ఆ మాట నువ్వే రాసుకో."

ఎర్మెస్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఒక వేలు చాచి, మొదటి అక్షరం కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఆమె బెల్టు తీసి, సీటు పట్టుకుని, దగ్గుతూ వెనక్కి నడిచింది. మంచం మీద ఇన్నేళ్ళ తన దిండు గోడకి ఆనుకుని ఉంది. అంచు చెమ్మగా తగిలింది. దాన్ని తీసి నడవ వైపు పెట్టింది. అతని దిండు ఎత్తి గోడ వైపు వేసి, పైన దుప్పటి సర్ది, ముందుకి వినబడేలా అంది.

"ఇవాళ్టి నుంచి గోడ వైపు నువ్వు పడుకో."