దీప కార్డు మీద రాణి ఊపిరి

నాచారంలో మా కారప్పొడి కంపెనీ గేటు దగ్గర సోమవారం పొద్దున దీపను ఆపేశారు. సెక్యూరిటీ వాడు ఆమె కార్డు లాక్కుని, "నీకు పని లేదంట, ఇంటికి పో" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ప్యాకింగ్‌లో ఆమె అంత చురుకైన మనిషి మాలో లేదు. ఉప్పల్ నుంచి బస్సులో నిలబడి వచ్చి కూడా నవ్వుతూ పనిలో దిగే పిల్ల. ఆమె గేటు బయట ఏడుస్తుండగానే బెల్లు మోగింది, మమ్మల్ని లోపలికి తోలారు.

లోపల అందరి నోటా ఒకే అనుమానం: మొన్నటి ఉచిత ఊపిరి పరీక్ష.

ఆ క్యాంపును కాంట్రాక్టర్ గిరిప్రసాద్ పెట్టించాడు. టెంటు వేసి, అరటిపండ్లు పంచి, "పైసా ఖర్చు లేదు, మీ ఆరోగ్యం కోసమే" అని మైకులో ఊదరగొట్టారు. గొట్టంలో గట్టిగా ఊదితే ఎంత ఊపిరి ఉందో మిషను చెబుతుందట. రిజల్టు మీ ఫోనుకే వస్తుందన్నారు. ఒక్క ఫోనుకూ రాలేదు. మాస్కులు అడిగితే ముఖం తిప్పుకునేవాడికి మా ఊపిరి మీద ఇంత ప్రేమ ఎక్కడి నుంచి పుట్టుకొచ్చింది?

"ఊకెనే ఇచ్చేటోడు ఎవడే?" అని హమాలీ పోశయ్య ఆ రోజే అన్నాడు. ముసలోడికి అన్నిటికీ అనుమానమేనని మేం నవ్వాం.

ఆ సాయంత్రం చెరువు కట్ట మీద కూడాం. దీప వచ్చింది, పక్కనే రాణి. రాణి ఏళ్ల తరబడి జల్లెడ దగ్గర కారం దుమ్ములో పనిచేస్తోంది. మాట కంటే ముందు దగ్గు వస్తుంది ఆమెకు.

"పరీక్షకూ దీనికీ ఏం సంబంధం లేదు" అన్నారు కొందరు. "దీపకు దగ్గే లేదు. ఊపిరి జూసి తీసేస్తే ముందుగాల రాణి పోవాలె కద?"

అప్పుడు రాణి లేచింది.

"గా ఊపిరి నాది."

దీప ఆమె చెయ్యి పట్టి లాగింది. "అక్కా, నువ్వు గమ్మునుండు. నీకు పిల్లలున్నరు. నేనెట్లనన్న బతుకుత."

మా దగ్గర ఒక అలవాటుంది. ఇద్దరిద్దరం జట్టు. ముందొచ్చినామె ఇద్దరి కార్డులూ గేటు దగ్గరి హాజరు మిషనుకు చూపిస్తుంది, బస్సు ఆలస్యమైనా రెండో ఆమె హాజరు పోదు. రాణి, దీప ఒక జట్టు. క్యాంపు రోజు రెండు కార్డులూ రాణి కొంగులోనే ఉన్నాయి. లైనులో తోపులాటకు పొరపాటున తన కార్డు దీప చేతిలో పెట్టి, దీప కార్డుతో తాను ఊదింది. డాక్టర్లు నంబరు చూశారే గాని ఫోటో చూడలేదు. బయటికొచ్చాక ఇద్దరూ నవ్వుకుని ఊరుకున్నారు.

"దాని దమ్ము నా పేరు మీద వడ్డది, నాది దాని పేరు మీద వడ్డది" అంది రాణి. "గందుకే నన్ను ఉంచిన్రు, దాన్ని తీసిన్రు. ఇంకేం సాక్ష్యం కావాలె?"

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఛాతీలు పాడు చేసింది వాళ్ల దుమ్ము. ఎంత పాడయ్యాయో ఉచితంగా కొలిపించుకుని, మేం వైద్యం అడగకముందే గెంటేస్తున్నారు!

"చెప్తే రాణి పోతది, చెప్పకుంటే దీప పోతది" అన్నాడు పోశయ్య. "ఎవరు పోవాల్నో మనమెందుకు తేల్చాలె?"

మర్నాడు బెల్లు మోగింది. గేటు బయటి నుంచి ఎవరం కదల్లేదు. గిరిప్రసాద్ కారు దిగాడు. రాణి ఎదురుగా వెళ్లి కార్డులు మారిన సంగతి అందరి ముందూ చెప్పింది. అతను ఒక్క క్షణం తడబడి నవ్వేశాడు.

"అదా! పొరపాటైపోయింది. దీపా, నువ్వు లోపలికి రామ్మా. రాణీ, నువ్వు ఇంటికెళ్లి రెస్ట్ తీసుకో."

"విన్నరా? పరీక్ష జూసే తీసిన్నని ఆయన నోటితోనే ఒప్పుకున్నడు!" అని పోశయ్య అరిచాడు.

గేటు తెరిచారు. దీప రెండడుగులు వేసి గేటు మధ్యలో కూర్చుంది.

"మా అక్క ఊపిరి తిన్నది మీ కంపెనీ. దవాఖానల సూపియ్యి, పని ఇయ్యి. గప్పటిదాంక లారీ కదలది."

ఆమె వెనక మేమంతా కూర్చున్నాం. మధ్యాహ్నానికి పోలీసులొచ్చి దీపనూ రాణినీ పోశయ్యనూ వ్యానెక్కించారు. రాణి నినాదం ఎత్తుకుంది. సగంలో దగ్గు అడ్డం పడితే మిగతా సగం మేం అందుకున్నాం.

మరుసటి రోజు పక్క వీధిలో ప్లాస్టిక్ కంపెనీ ముందు అదే టెంటు లేచింది. మా మాట అప్పటికే అక్కడికి చేరింది. లైనులో మొదట నిలబడ్డ ఆమె గొట్టం అందుకోలేదు.

"నా ఊపిరి సంగతి ఎవరికి చెప్తవ్ సారూ?"

డాక్టరు తన పక్కనే ఉన్న అక్కడి కాంట్రాక్టరు వైపు చూశాడు.

"ఆయన దిక్కు గాదు" అందామె. "నా దిక్కు జూసి చెప్పు."