వేరు పొయ్యి

ఒకే ప్రహరీ లోపల, వేరే పొయ్యి మీద వండుకుని తినే మనిషి ఆ ఇంటి మనిషా, కాదా?

ఈ ప్రశ్నను నేను తిరుపతిలో, వైద్యులూ అధికారులూ నిండుగా కూర్చున్న ఒక సభలో అడిగాను. ఏడేళ్లు దాటాయి, జవాబు రాలేదు. ప్రశ్న కఠినమైనది కాదు. జవాబు చెప్పినవారు అంతకుముందు చేసిన లెక్క మొత్తాన్ని మళ్లీ చేయవలసి వస్తుంది, అంతే.

నేను చిత్తూరులో ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషిని. లెక్కపెట్టడమంటే నాకు గౌరవం. ఒక ప్రాంతంలో ఏ జబ్బు ఎంతమందికి ఉందో తెలియకుండా అక్కడికి ఎంత మందు పంపాలో ఎవరూ చెప్పలేరు. కనుక 1977 చివర ఏర్పేడు చుట్టుపక్కల పల్లెల్లో క్షయవ్యాధి సర్వే జరగబోతున్నదని విన్నప్పుడు, ఆ పని అవసరమని నమ్మినవాళ్లలో నేనూ ఒకతెను. నమ్మడానికి నాకు సొంత కారణం కూడా ఉంది. ఆ పల్లెల్లో ఒకదానిలో నా చెల్లెలు జ్ఞానాంబ ఉంది. దానికి క్షయ.

జ్ఞానాంబకూ నాకూ పన్నెండేళ్లు తేడా. మా నాయన మునిరామయ్య కాళహస్తిలో ధాన్యం వ్యాపారి. దానిని ఏర్పేటి దగ్గరి వ్యవసాయ కుటుంబంలో ధనంజయకు ఇచ్చి చేశాడు. మంచి ఇల్లే. జబ్బు బయటపడగానే నేను దానిని చిత్తూరుకు తెచ్చుకుని, పెద్దాసుపత్రిలో చూపించి, మందు ఇప్పించాను. ఆరు నెలల్లో దగ్గు తగ్గింది, ఒళ్లు చేసింది. మందు ఇంకా ఏడాదిపాటు ఆపకూడదని డాక్టరు చెప్పాడు. ఒక్క రోజు బిడ్డను చూసి వస్తానని అది పల్లెకు వెళ్లింది. దాని కూతురు వసంతకు అప్పటికి మూడేళ్లు. ఆ పిల్ల తల్లిని చూసి, నానమ్మ కొంగు వెనక దాక్కుని, "ఎవురు అవ్వా?" అని అడిగింది.

అంతే. జ్ఞానాంబ మళ్లీ చిత్తూరుకు రాలేదు. నేను వెళ్లి పిలిచాను, కోప్పడ్డాను, కన్నీళ్లు కూడా పెట్టుకున్నాను.

"బతికితే ఆ బిడ్డకు అమ్మగా బతకాలక్కా," అన్నది. "నీ కాడ బతికి వస్తే నేను దానికి చుట్టంనే."

తెచ్చుకున్న మందు నెలలో అయిపోయింది. రోగి స్వయంగా రాకపోతే ఆసుపత్రిలో మందు ఇవ్వరు. దగ్గు తిరిగి వచ్చింది. అప్పుడు దాని అత్త ఆదిలక్ష్మమ్మ, పశువుల కొట్టం చూరు కింద మూడు ఇటుకలు పెట్టి కోడలికి వేరే పొయ్యి వేయించింది. దయచేసి ఆమెను రాక్షసిగా ఊహించుకోవద్దు. కంచం, చెంబు వేరుగా ఉంచమని ఆసుపత్రిలో నర్సు చెప్పింది. ఆదిలక్ష్మమ్మ ఏ పనీ సగం చేసే మనిషి కాదు. కంచం వేరు చేసి కుండ ఒకటే ఉంచడం ఆమె మడికి, ఆమె తర్కానికి కూడా పొసగలేదు. రాగులు, బియ్యం, కట్టెలు తానే కొలిచి ఇచ్చేది. నేను నిలదీస్తే నెమ్మదిగా చెప్పింది.

"సూడు టీచరమ్మా, ఆస్పత్రోళ్లు చెప్పిందే చేసినాను. నువ్వు చదువుకున్నదానివి, డాక్టరు మాట తప్పు అంటావా?"

జ్ఞానాంబ కొట్టంలోనుంచి నవ్వింది. "నాకేం తక్కువక్కా? రెండు ఎద్దులు, ఒక పాడావు. ఒగటీ నోరెత్తదు. మా అత్తకు ఆ యోగం ల్యా."

కొట్టం తడిక సందులోనుంచి చూస్తే ఇంటి పంచ కనిపిస్తుంది. వసంత అక్కడ ఆడుకుంటుంది. ఆ తడికను వదిలి రాలేకనే నా చెల్లెలు మందును వదులుకుంది.

సర్వే మీద నాకు ఆశ కలగడానికి కారణం ఇదే. సర్వేలో జబ్బు తేలినవాళ్లకు మందు ఇంటికే వస్తుందని, ఆరోగ్య కార్యకర్త నెలనెలా పల్లెకు తెచ్చి ఇస్తాడని ప్రకటించారు. జ్ఞానాంబ తడిక దగ్గరనుంచి కదలనవసరం లేదు. లెక్కలో పడితే చాలు. ఆ మాట నేనే వెళ్లి దానికి చెప్పి వచ్చాను.

మొదట కొందరు వచ్చి పల్లెలో ఇళ్ల గోడల మీద తారుతో అంకెలు వేసి వెళ్లారు. కొట్టం మీద వేయలేదు. పశువులు ఉండే చోటికి ఎవరూ అంకె వేయరు. ఆ తరువాత ఇంటింటా మనుషులను రాసుకోవడానికి సంపత్కుమార్ అనే యువకుడు వచ్చాడు. తిరుపతిలో కోవెల కైంకర్యం చేసుకునే కుటుంబంలోని పిల్లవాడు, నెమ్మదైనవాడు, ఎవరినీ కసిరే రకం కాదు. ఆనాడు ధనంజయ ఇంటి అరుగు మీద ఏం జరిగిందో అతనూ, ఆదిలక్ష్మమ్మా, జ్ఞానాంబా నాకు వేరువేరుగా చెప్పారు. ముగ్గురి మాటా ఒకటే. అబద్ధం ఉంటే ఎక్కడో ఒకచోట తేడా రావాలి. రాలేదు.

"ఒక పొయ్యి మీద వండుకోని తినేవాళ్లు ఎంతమందమ్మా ఈ ఇంట్లో?" అని అతను అడిగాడు. ఇల్లంటే ఏమిటో అతనికి పైవాళ్లు నేర్పిన నిర్వచనం అది.

ఆదిలక్ష్మమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. తాను, కొడుకు, మరిది, మరిది పెండ్లాము, మనవరాలు. "అయిదుమందిమి సామీ."

సంపత్కుమార్ తల ఎత్తి చూశాడు. కొట్టం మీదనుంచి పొగ లేస్తున్నది.

"ఆ పొగ ఎవరిదమ్మా?"

"మా కోడలిది. వేరే వండుకుంటాది."

"వేరు పడినారా?"

"ఆ. వేరే పెట్టినాము."

అతను అడిగింది ఆస్తి పంచుకుని వేరు పడడం గురించి. ఆమె చెప్పింది వేరు పెట్టడం గురించి. పడడానికీ పెట్టడానికీ మధ్య ఉన్న దూరంలో నా చెల్లెలు జారిపోయింది. వేరు పడితే అది మరొక ఇల్లు. మరొక ఇంటికి మరొక అంకె ఉంటుంది, అది కొట్టం అవతలి వీధి లెక్కలో ఉంటుంది, ఆ వీధిని వేరే అతను చూసుకుంటాడు. సంపత్కుమార్ అలా అనుకుని, మజ్జిగ తాగి, పక్క ఇంటికి వెళ్లాడు.

"నువ్వు పిలవకూడదా?" అని జ్ఞానాంబను అడిగాను.

"ఆ ఇల్లయినాక నా పొయ్యి కాడికి వస్తాడులే అనుకుంటి. తల దువ్వుకోని కూసున్నా. మొగం కూడా కడుక్కున్నానక్కా."

ఎక్స్‌రే బండి ఏర్పేటి బడి ఆవరణలో నిలిచిన రోజు నేను సెలవు పెట్టి వెళ్లాను. పొద్దున ఇంటివాళ్లను తీసుకువెళ్లి వచ్చిన ధనంజయ మళ్లీ ఎద్దుల బండి కట్టాడు. దారి పొడుగునా అతను భార్య వైపు తిరగలేదు. కానీ గుంట వచ్చిన ప్రతిచోటా ఎద్దులను ఆపి, ఆమెను దించి, నడిపించి, మళ్లీ ఎక్కించుకున్నాడు.

బడి దగ్గర తిరునాళ్లలా ఉంది. వరుసలో మా ముందు నిలుచున్న తిరుమలమ్మ అనే ముసలామె ముఖానికి దట్టంగా పౌడరు పూసుకుని వచ్చింది. వెనకనుంచి చెంగయ్య అనే ఆయన ఊరుకోలేదు.

"ఏమ్మే, ఆ బండిలో తీసేది బొమికల ఫోటోనంట. బొమికలక్కూడా పూసినావా పౌడరు?"

"నీకెందుకురా? నా బొమికలు నీ మొగంకంటే బాగుంటాయి పో!"

వరుసంతా నవ్వింది. జ్ఞానాంబ నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఆగేసరికి మా ముందూ వెనకా చోటు ఖాళీ అయింది.

ఇళ్ల దగ్గర పేరు రాసుకున్నవాళ్లకు ఇచ్చిన చీటీలు చూసే బల్ల దగ్గర సంపత్కుమార్ కూర్చుని ఉన్నాడు.

"చీటీ ఏదమ్మా?"

"నాకియ్యలేదు నాయనా."

"ఏ ఇల్లు?"

ధనంజయ తమ ఇంటి అంకె చెప్పాడు. సంపత్కుమార్ ఇళ్ల పట్టీ చూశాడు. "ఆ ఇంట్లో అయిదుమందే. అయిదుమందీ పొద్దున్నే వచ్చి పోయినారు. ఈమె పేరు లేదే."

"నేనే వచ్చినాను గదా నాయనా," అన్నది జ్ఞానాంబ. "మనిషి వచ్చినాక పేరెందుకు?"

అతని ముఖం మారింది. కొట్టం పొగ గుర్తుకు వచ్చిందని తరువాత నాతో చెప్పాడు. లేచి వెళ్లి డాక్టరును పిలుచుకుని వచ్చాడు. నేను జరిగినది జరిగినట్టు వివరించాను. డాక్టరు మర్యాదగా విన్నాడు.

"మీరు లెక్కల టీచరు, మీకు తెలియనిది కాదు," అన్నాడు. "తమంతట తాము వచ్చినవాళ్లను కలుపుకుంటే జబ్బున్నవాళ్లే ఎక్కువగా వస్తారు. లెక్క చెడిపోతుంది."

నిజం. ఆ సూత్రంలో దోషం లేదని ఆనాడే ఒప్పుకున్నాను, ఈనాడూ ఒప్పుకుంటాను. కానీ నా చెల్లెలు బయటనుంచి వచ్చిన మనిషి కాదు. లెక్కపెట్టవలసిన ఇంట్లో ఉండి, లెక్కనుంచి తీసివేయబడిన మనిషి. ఆ మాటే చెప్పాను.

"ఇంటి పట్టీ ముగిసిపోయిందమ్మా. ఇప్పుడు ఒకరిని చేరిస్తే అందరినీ చేర్చాలి. ఈమెను తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోండి, అక్కడ చూస్తారు."

"చేర్చండి అందరినీ," అన్నాను.

ఆయన చిరునవ్వు నవ్వి బండెక్కాడు.

తిరుగుదారిలో జ్ఞానాంబ నా భుజం మీద తల ఆనించి కళ్లు మూసుకుంది. కళ్లు తెరవకుండానే, "అక్కా, ఆ ముసల్ది పౌడరు బాగానే పూసుకొనింది గదా," అన్నది. తిరుపతికి రమ్మని బతిమాలాను. తల అడ్డంగా ఊపింది. ధనంజయ అప్పుడు మొదటిసారి వెనక్కి తిరిగి, "పోరాదా జ్ఞానా," అన్నాడు.

ఆ ఎండాకాలం రాకముందే అది పోయింది. తెల్లవారాక కొట్టంమీద పొగ లేవకపోవడం చూసి ఆదిలక్ష్మమ్మ పరుగెత్తిందట. నేను చేరేసరికి ఆమె గుండెలు బాదుకుంటూ, "నా ఇంటి దీపం ఆరిపోయె తల్లీ!" అని ఏడుస్తున్నది. ఆ ఏడుపులో నటన లేదు. ఇంటిల్లిపాదీ మైల పట్టారు. పది దినాలు దేవుడి గది తలుపు తీయలేదు, పోపు పెట్టలేదు. పొయ్యికి పనికిరాని మనిషి మైలకు పనికివచ్చింది.

కర్మలు అయిన తరువాతి వారంలో నేను వసంతను చూడడానికి వెళ్లి ఉండగా సంపత్కుమార్ మళ్లీ వచ్చాడు. సర్వే చేసిన ఇళ్లలో ఈలోగా ఎవరైనా చనిపోయారా అని అడగడం అతని పనిలో తరువాతి భాగం.

"మా కోడలు పోయింది సామీ," అన్నది ఆదిలక్ష్మమ్మ. "మా జ్ఞానాంబ. రాసుకో."

అతను కలం తీసి, ఇంటి పట్టీ తిరగేసి, మళ్లీ మూశాడు. అతని కళ్లలో నీళ్లు చూశాను.

"రాయలేనమ్మా," అన్నాడు. "ఆమె ఈ ఇంట్లో లేదు గదా."

"అదేం మాటప్పా? మా ఇంట్లో ల్యాకుండా యాడుండాది?"

ఉండని మనిషి చనిపోదు. అందువల్ల ఆ సంవత్సరం ఆ పల్లెలో క్షయతో ఎవరూ చనిపోలేదు.

ఫలితాలు తిరుపతిలో సభ పెట్టి ప్రకటించారు. ఏర్పేడు పల్లెల్లో ఈ వ్యాధి అనుకున్నదానికన్నా తక్కువగా ఉందని బండి దగ్గరి డాక్టరే చదివాడు. కనుక ఇంటికి మందు తెచ్చి ఇచ్చే ఏర్పాటును మరొక తాలూకాకు తరలిస్తున్నామన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను లేచి, పైన మొదట రాసిన ప్రశ్న అడిగాను. ఇంకొకటి కూడా అడిగాను: ఈ జబ్బు వచ్చిన మనిషికి ఈ సీమలో మొట్టమొదట చేసే పని వేరే పొయ్యి పెట్టడం, అటువంటప్పుడు పొయ్యిని బట్టి మనుషులను లెక్కిస్తే, మీరు వెతుకుతున్నవాళ్లనే కదా మీరు మొదట తీసివేసేది?

"ఇంటికి ఆ నిర్వచనం మేం పెట్టింది కాదమ్మా," అన్నాడు డాక్టరు. "దేశమంతటా అదే." ఎవరో టీ చల్లారిపోతున్నదన్నారు. అందరూ లేచారు.

సభనుంచి నేరుగా పల్లెకు వెళ్లాను. వసంత పంచలో ఒక్కతే బువ్వలాట ఆడుకుంటున్నది. చిన్న రాళ్లతో పొయ్యి పెట్టి, చుట్టూ ఆకులు పరిచి, ఒక్కో ఆకులో ఇసుక వడ్డించింది. తరువాత లేచి, అవతల గోడవారగా వెళ్లి, మూడు రాళ్లు ఏరి ఇంకొక పొయ్యి పెట్టింది.

"అది ఎవరిదమ్మా?" అన్నాను.

"అమ్మది," అన్నది. చెయ్యి చాపి ఇవతల ఆకులు చూపించింది. "ఇది ఇల్లు."

తల్లి తనకు ఎవరో ఆ పిల్లకు తెలుసు. జ్ఞానాంబ కోరినది అదొక్కటే, అది నెరవేరింది. తల్లి చోటు ఎక్కడో కూడా ఆ పిల్ల నేర్చుకుంది.

ఇది చదువుతున్న మీ గుమ్మంలోకి కూడా ఏదో ఒక రోజు ఎవరో వచ్చి, మీ ఇంట్లో ఎంతమంది అని అడుగుతారు. అప్పటిదాకా ఆగవద్దు. ఇప్పుడే లేచి మీ పెరట్లోకి వెళ్లండి. కొట్టం, వసారా, వెనక గది, మెట్ల కింద చోటు, ఎక్కడ వేరే కంచం బోర్లించి ఉందో చూడండి. ఆ కంచం ఎవరిదో ఆ మనిషి పేరు పైకి పలకండి. ఆ తరువాత చెప్పండి: మీ ఇంట్లో ఎంతమంది?