మృతుల వరుసలో లూసియా

అగాథ నేలమీద పాత వార్తాపత్రిక పరుచుకుని ఎండు నెత్తళ్ళు బాగుచేస్తోంది. తల తుంచడం, పొట్ట చీల్చి నల్లటి పేగును గోటితో లాగెయ్యడం, మిగిలినదాన్ని గిన్నెలో వెయ్యడం. రోజూ చేసే పనే. ఈ ఆదివారం మాత్రం తలకాయల్ని గిన్నెలో వేసి, ఒంటిని చెత్తలో పడేస్తోంది.

"అదేంటే, రేపు చారు తలకాయలతో కాస్తావా?" అంది అత్తగారు బార్బరమ్మ. ఆవిడ ఎదురుగా కూర్చుని తనూ అదే పని చేస్తోంది. ఎనభై దాటినా ఆవిడ వేళ్ళే కోడలి వేళ్ళకన్నా వేగం.

"ఏదో ఆలోచనలో పడ్డాను, అత్తయ్యా."

"పూజకి వెళ్ళి మనసక్కడే వదిలేసి వచ్చినట్టున్నావు. సరేగానీ నా పత్రికేదీ?"

ఆ మాట ఎప్పుడొస్తుందా అని అగాథ బిక్కుబిక్కుమంటూనే ఉంది. బార్బరమ్మకు రెండురోజులుగా దగ్గు. బయట సముద్రపు గాలి, చినుకులు. అందుకే ఈ వారం గుడికి వెళ్ళలేదు. వెళ్ళినా వెళ్ళకపోయినా ఆవిడకు విచారణ వారపత్రిక మాత్రం చేతికి అందాలి. విచారణ అంటే ఆ గుడి కిందికొచ్చే కుటుంబాలన్నీ. నాలుగు పేజీలు. ఈ వారం గుడి ఊడ్చే వంతు ఏ వీధివాళ్ళది, ఎవరింట్లో ప్రార్థన కూటం, యువకుల గానబృందానికి గొంతులు కావలెను, పార్కింగ్‌లో మిరపకాయలు ఎండబెట్టవద్దు. ఇవన్నీ ఆవిడ తర్వాత చదువుతుంది. ముందు తిప్పేది మూడో పేజీ. అక్కడ పూజలో ఎవరికోసం ప్రార్థిస్తారో వాళ్ళ పేర్లుంటాయి. ఎడమవైపు బతికున్నవాళ్ళు, కుడివైపు చనిపోయినవాళ్ళు. ఎడమ వరుసలో ప్రతి నెలా మొదటి ఆదివారం ఒక పేరు తప్పకుండా ఉంటుంది. లూసియా. యుద్ధంలో దేశం రెండుగా చీలినప్పుడు సరిహద్దుకు అవతల, ఉత్తరాన వొన్‌సాన్ రేవులో ఆగిపోయిన బార్బరమ్మ అక్క.

"పత్రికలు అయిపోయాయి, అత్తయ్యా. ఈ వారం జనం ఎక్కువొచ్చారు."

"అచ్చు వేసేదానివి నువ్వు, మడతలు పెట్టేదానివి నువ్వు. అయిపోయాయని చెప్పేదానివీ నువ్వేనా?"

అగాథకు అబద్ధం ఎప్పుడూ పొసగదు. గుడి ఆఫీసులో పనిచేసే మనిషికి అది మంచి గుణమని ఫాదర్ ఒకసారి మెచ్చుకున్నారు కూడా. చేతులు తుడుచుకుని లేచింది. సంచిలోంచి పత్రిక తీసి అత్తగారి ముందు పెట్టింది.

బార్బరమ్మ భూతద్దం తెచ్చుకుంది. మూడో పేజీ తిప్పింది. ఎడమ వరుస మీద వేలు పైనుంచి కిందికి జారింది. కిందినుంచి మళ్ళీ పైకి వెళ్ళింది. మళ్ళీ దిగింది.

"మన లూసియా లేదే. మర్చిపోయావా?"

"కుడివైపు చూడండి, అత్తయ్యా."

వేలు గీత దాటి కుడి వరుసలోకి వెళ్ళింది. నవంబరు ఆత్మల మాసం. విచారణ మొత్తం తమ పోయినవాళ్ళ పేర్లు ఇస్తుంది కాబట్టి ఆ వరుస పేజీ అడుగుదాకా దిగి ఉంది. మధ్యలో ఒకచోట వేలు ఆగిపోయింది. బార్బరమ్మ భూతద్దాన్ని ఇంకాస్త దగ్గరికి తెచ్చుకుంది.

"కబురొచ్చిందా?" అంది చివరికి. గొంతు చాలా చిన్నగా ఉంది. "చైనా మీదుగా ఎవరైనా కబురంపారా? నాకు చెప్పలేక ఇలా వేశావా?"

"లేదు, లేదు. కబురేం లేదు. పొరపాటు నాదే. ఈ నెల పేర్లు రాసిచ్చిన చీటీలన్నీ పోయినవాళ్ళవే. కుప్పగా పెట్టుకుని వరసగా టైప్ చేసుకుంటూ పోయాను. మీ చీటీ కూడా అందులోనే ఉంది. బతికున్నవాళ్ళనా, పోయినవాళ్ళనా, గీటు ఎటు పెట్టారో చూడలేదు."

"చూడలేదు," అంది బార్బరమ్మ. "వచ్చే ఓడకి వచ్చేస్తానని చెప్పింది అది. వాళ్ళత్త మంచం పట్టి ఉందని ఆగిపోయింది గానీ, లేకపోతే నాతోపాటే ఎక్కేది. రేవులో నన్ను ఎత్తి ఓడలోకి అందించింది. అప్పట్నుంచీ దాన్ని నేను ఎడమవైపే కూర్చోబెట్టాను. ఇంతమంది ఫాదర్లు మారారు. ఒక్కరైనా కదిపారా? నా ఇంటి కోడలే వచ్చి కదిపింది."

"వచ్చే ఆదివారం సవరణ వేస్తాను, అత్తయ్యా."

"ఏమని వేస్తావు? పోయిన వారం చంపేశాం, ఈ వారం బతికించాం, క్షమించండి అనా?"

అగాథ తల వంచుకుని కూర్చుంది. తప్పు తనదే, సందేహం లేదు. అయితే ఉదయం పూజలో ఆ పేరు చూసినప్పటినుంచీ ఆమెను తొలుస్తున్నది వేరే ఉంది. చేసింది పరధ్యానంగానే. మరి ఇన్నేళ్ళుగా, ఎంత పని తొందరలో ఉన్నా, ఆ ఒక్క పేరు దగ్గర చెయ్యి ఎన్నడూ తప్పలేదు. తొంభై ఏళ్ళ మనిషి అక్కడ ఇంకా బతికి ఉంటుందని లోపల ఎక్కడో తను నమ్మడం మానేసిందేమో. అత్తయ్యకు ఆ మాట చెప్పే ధైర్యం లేదు కాబట్టి చెయ్యి చెప్పేసిందేమో.

ఇంతలో గుమ్మం గంట మోగింది.

తలుపు తీస్తే మోనికా పిన్ని. రేవులో చేపలమ్మే మనిషి. చంకలో నారింజపళ్ళ పెట్టె, చేతిలో నల్ల అట్ట ప్రార్థన పుస్తకం. వెనకాల తోబియా తాతయ్య, ఆయన వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. అందరి చేతుల్లోనూ అదే నల్ల పుస్తకం. వీళ్ళు విచారణలో మృతుల సంఘం. ఎవరింట్లో చావు జరిగినా చేతిలో పని చేతిలోనే వదిలేసి ఆ ఇంటికి వచ్చి, శవం దగ్గర కూర్చుని, రెండు పక్షాలుగా ఆత్మశాంతి ప్రార్థన పాడతారు. పిలవక్కర్లేదు.

"ఏమ్మా అగాథా, మాకొక్క మాట చెప్పాలా వద్దా?" అంటూనే మోనికా చెప్పులు విడిచింది. "పత్రిక చూసి తెలుసుకోవాల్సొచ్చింది. వదినా, ఎక్కడున్నావ్? ఎంత పని జరిగిపోయింది!"

"పిన్నీ, ఒక్క నిమిషం..."

మోనికాను ఆపడం ఎవరితరం? అందరూ లోపలికి వచ్చేశారు. అడుగున వేడి పారే వెచ్చటి నేలమీద మోకాళ్ళు ముడుచుకుని, నెత్తళ్ళు పోసిన వార్తాపత్రిక చుట్టూ కూర్చున్నారు.

"ఎప్పుడు పోయారట, అక్కయ్యా?" అన్నాడు తోబియా.

"ఎవరు?"

"మీ అక్కగారు."

"నాకేం తెలుసు? నా కోడల్ని అడుగు. శుక్రవారంనాడు టైపు కొట్టి చంపేసింది."

మోనికా నోరు తెరిచింది. అగాథ జరిగిందంతా చెప్పింది. చెబుతుంటే చెవులు కాలిపోతున్నాయి. విన్న తర్వాత వెనక కూర్చున్న ఒకావిడ పుస్తకాన్ని మెల్లగా కోటు చాటుకు దాచుకుంది.

"అయితే బతికున్న మనిషికి చావుపాట పాడటానికి వచ్చామన్నమాట," అంది మోనికా. "నేను పళ్ళు కూడా తెచ్చాను. తినండి మరి. పెళ్ళికో, పురుటికో తెచ్చాననుకోండి."

బార్బరమ్మ నవ్వలేదు. కోపగించుకోనూ లేదు. "బార్లీ టీ పెట్టవే," అంది కోడలితో. అగాథ లేచి వంటగదిలోకి వెళ్ళింది. మధ్యలో తలుపు లేదు కాబట్టి మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.

"అక్కయ్యా," అంటున్నాడు తోబియా. "నేను ఏడేళ్ళవాణ్ణి, మా చిన్నాన్న వీపుమీద కూర్చుని ఈ పక్కకొచ్చాను. మా అమ్మ అక్కడే ఉండిపోయింది. మీకు తెలుసుగా."

"తెలుసు."

"నేనూ చాలాకాలం మా అమ్మని ఎడమవైపే ఉంచాను. ఆవిడకి తొంభై దాటిన ఏడు నేనే చీటీమీద గీటు మార్చాను. ఎవరూ పొరపాటు పడలేదు. నా చేత్తో నేనే మార్చాను. ఇంటికొచ్చాక నాకు అన్నం సయించలేదు. మా ఆవిడ వైద్యుడి దగ్గరికి పొమ్మని పోరు పెట్టింది."

"మరెందుకు మార్చావు?"

"అక్కడ గుడి లేదు, ఫాదర్ లేరు. ఒకవేళ మా అమ్మ పోయుంటే, పరలోకం చేరేముందు ఆగే ఉత్తరించు స్థలంలో ఎవరి ప్రార్థన కోసం చూస్తుంటుంది? ఆవిడ పేరు తెలిసినవాణ్ణి ఈ లోకంలో నేనొక్కణ్ణే. నేనేమో నెలనెలా పోయినావిడకి ఆరోగ్యం ఇమ్మని దేవుణ్ణి అడుగుతున్నాను."

"పోయినమ్మకి కీళ్ళనొప్పులు తగ్గించమని అడిగినట్టు," అంది మోనికా. వెంటనే, "నా నోరు పడిపోను," అని తనే నోటిమీద కొట్టుకుంది.

"పోయిన రోజు తెలీదు కదా, మరి ఏం చేశావు?" బార్బరమ్మ అడిగింది.

"తెలియనివాళ్ళకి తొమ్మిదో నెల తొమ్మిదో రోజు పెట్టుకుంటారుగా. మేమూ అదే పెట్టుకున్నాం. ఆ రోజు వీళ్ళందరూ వచ్చి పాడారు."

కుండలో నీళ్ళు మరుగుతున్నాయి. అగాథ గ్యాస్ తగ్గించింది గానీ కప్పులు తియ్యడం మర్చిపోయి నిలబడిపోయింది. అప్పుడు అత్తగారి గొంతు వినబడింది.

"మరి బతికుంటే? అక్కడెక్కడో కూర్చుని ఇవాళ అన్నం తింటూ ఉంటే? నేనిక్కడ దానికి చావుపాట పాడిస్తే అది అక్కడ పోతుందేమో, తోబియా. నా భయం అదే. ఇంకేం లేదు. నా చేత్తో దాన్ని నెట్టేసినట్టు అవుతుంది. అది నన్ను ఓడలోకి ఎత్తింది."

"పాటకి ఎవరూ పోరు, అక్కయ్యా. పాటకే పోతే ఈపాటికి ఈ మోనికా సగం ఊరిని పంపించేసేది," అన్నాడు తోబియా. "బతికుంటే మన పాట ముందెళ్ళి అక్కడ ఎదురుచూస్తుంది. ఏదో ఒకరోజు ఆవిడకి అవసరం పడుతుంది కదా. పోయుంటే మాత్రం ఇప్పటికే ఆలస్యం చేశాం."

అగాథ టీ తెచ్చి ఒక్కొక్కరికీ అందించింది. అత్తగారి ముందు కప్పు పెడుతూ మోకాళ్ళమీద కూర్చుంది. "అత్తయ్యా, మీరు ఎటు ఉంచమంటే అటే. రేపే ఆఫీసు తలుపు తీసి సరిచేస్తాను. నలుగురూ నవ్వితే నన్ను చూసి నవ్వుతారు, మిమ్మల్ని కాదు."

బార్బరమ్మ కోడలి ముఖంలోకి చూసింది. ఆ చూపు మునుపటిలా లేదు. "నువ్వు నిజంగా చూడకుండానే కొట్టావా?" అని అడిగింది.

అగాథకు అవునని అనెయ్యాలనిపించింది. "తెలీదు, అత్తయ్యా," అంది. "చూడలేదనే అనుకుంటున్నాను. కానీ ఇన్నేళ్ళూ మాత్రం తప్పకుండా చూశాను."

కిటికీ అద్దం మీద చినుకులు మెల్లగా జారుతున్నాయి. మోనికా ఒలిచిన నారింజపండు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

బార్బరమ్మ టీ ముట్టుకోలేదు. లేచింది. నెత్తళ్ళు పోసిన వార్తాపత్రికను నాలుగు మూలలా పట్టి మడిచి పక్కన పెట్టింది. గోడకు ఆనించిన పొట్టి బల్ల తెచ్చి గది మధ్యలో వేసింది. బీరువా తెరిచి తెల్లగుడ్డ తీసి దానిమీద పరిచింది. గోడమీది సిలువ దింపి బల్లమీద నిలబెట్టింది. రెండు కొవ్వొత్తులు రెండు పక్కలా పెట్టింది. అగాథ సాయం చెయ్యబోతే వద్దని చెయ్యి ఊపింది. ఫోటో పెట్టవలసిన చోట ఏమీ పెట్టలేదు. లూసియా ఫోటో ఒక్కటి కూడా వాళ్ళ దగ్గర లేదు.

"సవరణ వెయ్యకు," అంది కొవ్వొత్తి వెలిగిస్తూ. "కుడివైపే ఉండనీ."

సంఘం వాళ్ళు గబగబా కప్పులు పక్కకు జరిపి, బల్లకు ఒక పక్కగా సర్దుకుని కూర్చున్నారు. కోటు చాటున దాచిన పుస్తకం బయటికి వచ్చింది. రెండో పక్షం ఇంటివాళ్ళది. అక్కడ అగాథ ఒక్కతే కూర్చుంది. అత్తగారి కోసం పక్కనే చోటు వదిలింది. భర్త పడవ బాగుచేసుకోవడానికి రేవుకు వెళ్ళాడు. ఉండుంటే ఇంకో గొంతు తోడయ్యేది.

తోబియా గొంతెత్తాడు. పాత రాగం. వల లాగేవాళ్ళ పాటలా పైకి లేచి నెమ్మదిగా దిగుతుంది. అటువాళ్ళు ఒక చరణం, ఇటు అగాథ ఒక చరణం. ఆమె గొంతు పెద్దది కాదు, అయినా తప్పకుండా అందుకుంటోంది. మూడోదో నాలుగోదో చరణంలో పోయినవాళ్ళ పేరు పలకాలి. పలకవలసింది ఇంటివాళ్ళే. తోబియా తన చరణం ముగించి, తలెత్తి బార్బరమ్మకేసి చూశాడు.

ఆవిడ ఇంకా బల్ల దగ్గరే నిలబడి ఉంది. పెదవులు కదిలాయి. మాట రాలేదు.

అగాథ పుస్తకంలోంచి కళ్ళు ఎత్తకుండా, "ప్రభువా, లూసియాకు నిత్య విశ్రాంతి దయచేయండి," అని పాడింది.

అటువాళ్ళు అందుకున్నారు. నలుగురి గొంతులూ ఒక్కసారిగా లేచి గదిని నింపేశాయి. బార్బరమ్మ మేకుకు వేలాడుతున్న ఉన్నికోటు అందుకుంది. ఒక చెయ్యి, తర్వాత రెండో చెయ్యి తొడుక్కుంది. గుమ్మం దగ్గర వంగి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది. పాడుతున్నవాళ్ళలో ఒకావిడ ఆగబోతే తోబియా చేత్తో కానిమ్మని సైగ చేశాడు. తలుపు తెరుచుకుని చల్లగాలి లోపలికి వచ్చింది. కొవ్వొత్తులు వంగి మళ్ళీ నిలబడ్డాయి. బార్బరమ్మ ఎవరివైపూ చూడకుండా వాకిలి దాటి, ఓడలొచ్చే రేవువైపు వెళ్ళిపోయింది.